మేనేజర్ అని పిలిస్తే ఓవర్‌టైమ్ తప్పుతుందా?

ప్రశ్న: డాలస్‌లో మాకు రెస్టారెంట్ ఉంది. మా వంటమాస్టర్‌కి 40 గంటల లెక్కన వారానికి 800 డాలర్ల జీతం, 'కిచెన్ మేనేజర్' హోదా ఇచ్చాం. 55 గంటలు చేస్తున్నారు. ఓవర్‌టైమ్ ఇవ్వాలా?

జవాబు: ఇవ్వాలండీ. వారానికి 684 డాలర్లు దాటిన జీతం కాబట్టి మినహాయింపు వచ్చేస్తుందని చాలామంది అనుకుంటారు కానీ, ఫెడరల్ చట్టం హోదా చూడదు, చేసే పని చూస్తుంది. ఆయన ముఖ్యమైన పని అజమాయిషీయే అయ్యుండాలి, కనీసం ఇద్దరు ఫుల్‌టైమ్ ఉద్యోగులను నడిపించాలి, ఎవరిని తీసుకోవాలో, తీసేయాలో ఆయన మాటకు విలువుండాలి. మీ మాస్టర్ పొద్దున్నుంచీ పొయ్యి దగ్గరే ఉంటే కుదరదు. గంటకు 20 పడుతుంది, 40 దాటిన 15 గంటలకు ఒకటిన్నర రెట్లు, అంటే వారానికి 450 డాలర్లు అదనం. ఫిర్యాదు వెళితే మామూలుగా రెండేళ్ల బకాయి, దానికి సమానంగా నష్టపరిహారం కూడా పడొచ్చు. ఈ వారం నుంచే గంటలు రాసిపెట్టండి, పాత బకాయి గురించి లేబర్ లాయర్‌ని కలవండి. అది ఆయన కష్టార్జితం.