మోటారు తర్వాత, ముందు ఆ నల్ల మచ్చ చూపించండి

ప్రశ్న: మాది కోనసీమలో పి.గన్నవరం మండలం, లంక గ్రామం. నాన్నగారి వయసు 52. కొబ్బరి దింపు తీసేవారు. ఏడాదిన్నర క్రితం చెట్టు మీద నుంచి పడి వెన్నుపూస విరిగింది. ఆపరేషన్ చేశారు. డిశ్చార్జి కాగితంలో డి12 (ఛాతీ వెనక భాగంలో చివరి వెన్నుపూస) అని ఉంది. నడుము కింద నుంచి కదలిక, స్పర్శ లేవు. మూత్రానికి పైపు పెట్టారు. నేను ఐటీఐ చేసి వెల్డింగ్ పని చేస్తున్నాను. ప్లాస్టిక్ కుర్చీని ఇనప ఫ్రేముకి బిగించి, వెనక సైకిల్ చక్రాలు, ముందు చిన్న చక్రాలు పెట్టి వీల్‌చైర్ నేనే చేశాను. సీటు మధ్యలో కన్నం కోసి, చుట్టూ సైకిల్ ట్యూబులో గాలి నింపి కట్టాను. లెట్రిన్‌కీ అదే, కూర్చోవడానికీ అదే. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అందులోనే హాయిగా ఉంటున్నారు. ఇప్పుడు దానికి పాత ఎలక్ట్రిక్ స్కూటర్ మోటారు బిగించాలనుకుంటున్నాను. ఎంత స్పీడు వరకు మంచిది? ఇంకో విషయం, నడుము కింద ఎముక దగ్గర రూపాయి బిళ్లంత నల్ల మచ్చ వచ్చి మూడు వారాలైంది. నొప్పేమీ లేదు. పసుపు, మెడికల్ షాపులో ఇచ్చిన పౌడర్ వేస్తున్నాం. పప్పు, గుడ్డు, చేప మాన్పించాం. సాయంత్రాలు ఒళ్లు వెచ్చబడి వణుకు వస్తుంటే ఆర్‌ఎంపీ గారు మాత్రలు ఇచ్చారు, తగ్గింది. ఫొటోలు పంపుతున్నాను.
– ఒక పాఠకుడు

జవాబు: మీరు మోటారు గురించి అడిగారు. నేను ముందు మచ్చ గురించి రాస్తాను. ఎందుకంటే స్పర్శ లేని చోట నల్ల మచ్చ, మూత్రానికి పైపు, వణుకుతో జ్వరం – ఈ మూడూ ఒకే మనిషిలో ఉన్నాయి. ఇది చదివిన రోజే, కుదరకపోతే మర్నాడు పొద్దున్నే నాన్నగారిని ఆసుపత్రికి తీసుకెళ్లండి. జ్వరం మళ్లీ వచ్చినా, మాట తడబడినా, మగతగా ఉన్నా, బ్యాగులో మూత్రం తగ్గినా, మచ్చ దగ్గర వాసన వచ్చినా పొద్దుటిదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి. మనిషిని చూడకుండా, ఫొటో మాత్రమే చూసి రాస్తున్న సలహా ఇది. అక్కడ పరీక్ష చేసే డాక్టరు ఏం చెబితే అదే చేయండి.

మీరు దాన్ని మచ్చ అంటున్నారు. ఫొటోలో నాకు కనిపిస్తున్నది, చాలావరకు, చచ్చిపోయిన చర్మం. మనం కూర్చున్నప్పుడు ఎముకకీ కుర్చీకీ మధ్య కండ నలుగుతుంది, అక్కడికి రక్తం సరిగా రాదు. మీకూ నాకూ అయితే కాసేపటికి తిమ్మిరెక్కి, తెలియకుండానే అటూ ఇటూ జరుగుతాం. నాన్నగారికి ఆ కబురు మెదడు దాకా వెళ్లదు. గంటల తరబడి అలాగే ఉండిపోతారు. ముందుగా దెబ్బతినేది పై చర్మం కాదు, ఎముకని ఆనుకుని ఉన్న కండ. చెదపట్టిన గుమ్మంలాంటిదే ఇది. రంగు వేసిన చెక్క పైకి బాగానే కనిపిస్తుంది, వేలు పెట్టి నొక్కితే లోపల డొల్ల. పైన రూపాయి బిళ్లంత ఉందంటే లోపల ఎంత ఉందో సర్జన్ చూస్తే గానీ తెలియదు.

‘నొప్పేమీ లేదు’ అని ధైర్యంగా రాశారు. నన్ను ఎక్కువ భయపెట్టింది ఆ మాటే. వెన్నుపాము దెబ్బతిన్నవారికి నొప్పి తెలియదు కాబట్టే ఈ పుండ్లు వస్తాయి. నొప్పి లేకపోవడం ఇక్కడ శుభసూచకం కాదు.

ఇక పౌడర్ సంగతి. పుండు పడిన పేషెంట్లలో చాలామంది నా దగ్గరికి తెల్లగానో పచ్చగానో పౌడర్ గట్టిపడి పెచ్చు కట్టాకే వస్తారు. కింద చీము ఉందో లేదో కనపడకుండా ఆ పెచ్చు మూసేస్తుంది. పసుపూ అంతే. అరటిపండు కోస్తుంటే వేలు తెగితే పసుపు అద్దుకోండి, కాదనను. ఎముక దాకా వెళ్లగలిగే పుండు మీద మాత్రం వద్దు. హైడ్రోజన్ పెరాక్సైడ్, స్పిరిట్ కూడా పోయకండి, కొత్తగా పుట్టే కండని అవి కాల్చేస్తాయి. నల్ల పెచ్చుని బ్లేడుతో తీయాలని ఇంట్లో ఎవరైనా ఉత్సాహపడితే ఆపండి. ఆసుపత్రికి చేరేదాకా మీరు చేయాల్సింది చాలా తక్కువ. మెడికల్ షాపులో దొరికే సెలైన్‌తో కడిగి, శుభ్రమైన గాజుగుడ్డ వదులుగా కప్పి, దాని మీద బరువు పడకుండా పక్కకి పడుకోబెట్టడం. కుర్చీ ఎక్కించవద్దు.

ఆర్‌ఎంపీ గారు ఇచ్చిన మాత్రలతో జ్వరం తగ్గిందన్నారు. తగ్గింది జ్వరమే. అది పుండు నుంచి వచ్చిందా, మూత్రం నుంచి వచ్చిందా అనేది తేలలేదు. మూత్రం, అవసరమైతే పుండు లోపలి నమూనా, ఏ క్రిమి ఉందో, దానికి ఏ మందు పనిచేస్తుందో తేల్చే కల్చర్‌కి పంపకుండా ఐదేసి రోజులు ఏదో ఒక యాంటీబయాటిక్ వేసుకుంటూ పోతే, నిజంగా అవసరమైన రోజున ఏ మందూ పనిచేయని పరిస్థితి వస్తుంది. ఆయన మీద నాకు కోపం లేదు, అర్ధరాత్రి లంకలో మీకు అందుబాటులో ఉండేది ఆయనే. కానీ వెన్నుపాము దెబ్బ ఉన్న మనిషికి వణుకుతో జ్వరం వస్తే అది మాత్రలిచ్చి పంపే కేసు కాదు. ఆ మాత్రల స్ట్రిప్పులు పారేయకుండా వెంట తీసుకెళ్లండి.

మూడు వారాలు, బాబూ! మొదటి రోజు అది ఎర్రగానో, కాస్త నల్లబడో కనిపించి ఉంటుంది. ఆ రోజే కుర్చీ దింపి బరువు పడకుండా చూసుకుని ఉంటే చాలామందిలో కొద్ది రోజుల్లో మామూలైపోతుంది. అంత శ్రద్ధగా కుర్చీ చేసిపెట్టిన కొడుకువి, నిన్ను తిట్టాలని కాదు. పుండు అనగానే మందు కోసం చూస్తారు గానీ బరువు తీయాలని ఎవరికీ తట్టదు. బరువు తీయకుండా ఏ మందూ ఈ పుండుని మాన్పదు.

పథ్యం వెంటనే ఆపండి. పప్పు తింటే చీము పడుతుందనే మాట మన గోదావరి జిల్లాల్లో ఎంత చెప్పినా పోవడం లేదు. పుండు పూడాలంటే ప్రొటీన్ కావాలి. గుడ్డు, చేప, పప్పు, పాలు అన్నీ పెట్టండి. కిడ్నీ జబ్బు ఉందని ఇంతకుముందు ఎవరైనా చెప్పి ఉంటే మాత్రం ఎంత పెట్టాలో డాక్టరుని అడిగి పెట్టండి. షుగర్ ఉందో లేదో మీరు రాయలేదు, పరీక్ష చేయించండి, హిమోగ్లోబిన్ కూడా. చుట్ట తాగే అలవాటుంటే మానాలి. పొగ వల్ల పుండు మానదు, పైగా తొడ మీద నిప్పు రాలినా ఆయనకి తెలియదు.

అమలాపురం ప్రభుత్వ ఆసుపత్రిలో ముందు చూపించవచ్చు. సర్జన్ లోతు చూసి, చచ్చిన కండ తీయాలా, ఎముకకి ఇన్ఫెక్షన్ చేరిందేమో ఎక్స్‌రే, ఎంఆర్ఐ కావాలా అనేది చెబుతారు. కాకినాడలోని పెద్ద ప్రభుత్వాసుపత్రి జీజీహెచ్‌కి పంపితే వెనకాడకుండా వెళ్లండి. గోదావరికి వరద వస్తే మీ వైపు కాజ్‌వేలు మునిగి పడవ మీదే దాటాలి. ఈ స్థితిలో ఉన్న మనిషిని పడవ ఎక్కించి దించడం ఎంత కష్టమో మీకు నేను చెప్పక్కర్లేదు. నీళ్లు రాకముందే కదలండి.

ఇప్పుడు కుర్చీ. చేతిపని అంటే నాకు చిన్నచూపు లేదు. జైపూర్ ఫుట్ 1960ల చివర్లో పుట్టింది రామచంద్ర శర్మ అనే హస్తకళాకారుడి చేతుల్లోనే. పొలం బురదలో ఒట్టి కాలితో నడవడానికి, కింద కూర్చోవడానికి వీలుగా ఆ రబ్బరు పాదం తయారైంది. అయితే ఆయన పక్కన డాక్టర్ పి.కె. సేథీ వంటి ఆర్థోపెడిక్ సర్జన్లు ఉన్నారు. తొడిగి చూడటం, ఎక్కడ ఒరుసుకుంటోందో చూడటం, మళ్లీ మార్చడం ఆసుపత్రిలోనే జరిగింది. మీ కుర్చీ వెల్డింగ్ చక్కగా ఉంది. దాని మీద కూర్చునే చర్మాన్ని మాత్రం ఎవరూ చూడలేదు.

ట్యూబు తీసేయండి. గాలి ట్యూబు మెత్తగా ఉంటుంది కదా అనుకుంటారు, చాలామంది ఇళ్లలో ఇదే చేస్తారు. గుండ్రటి ట్యూబు అంచు చుట్టూ నొక్కి, మధ్యలో ఉన్న కండకి రక్తం రాకుండా చేస్తుంది. కన్నంలోకి కండ జారి ఇంకా లాగుతుంది. లెట్రిన్‌కి వేరే కుర్చీ ఉండాలి, దాని మీద పది పదిహేను నిమిషాలకి మించి కూర్చోబెట్టకూడదు. ప్లాస్టిక్ కుర్చీ సీటు వెనక్కి వాలి ఉంటుంది. నాన్నగారు ముందుకి జారుతూ, బరువంతా పిరుదుల మీద కాకుండా సరిగ్గా ఆ మచ్చ ఉన్న ఎముక మీద వేస్తున్నారు. పక్క నుంచి తీసిన ఫొటోలో అది స్పష్టంగా కనిపిస్తోంది.

అదే ఫొటోలో యూరిన్ బ్యాగు చేతి కమ్మీకి కట్టి ఉంది. అది మూత్రాశయం కంటే ఎత్తులో ఉంది! మూత్రం వెనక్కి పారుతుంది, వణుకు జ్వరానికి అదే కారణం కావచ్చు. బ్యాగు ఎప్పుడూ సీటు కింద, నేలకి తగలకుండా వేలాడాలి. పైపు ఎప్పుడు మార్చారో కూడా రాయలేదు. మామూలు రబ్బరు పైపుని సాధారణంగా మూడు నాలుగు వారాలకి మారుస్తాం. నాన్నగారి చేతులు బాగున్నాయి కాబట్టి, శాశ్వతంగా పైపు ఉంచకుండా కొన్ని గంటలకోసారి సన్న గొట్టంతో తానే మూత్రం తీసుకునే పద్ధతి నేర్పించవచ్చేమో యూరాలజిస్టుని అడగండి.

పుండు మాని, డాక్టరు కూర్చోవచ్చని చెప్పాక సీటు మార్చండి. కింద గట్టి ప్లైవుడ్ పలక, సమంగా ఉండాలి. దాని మీద నాలుగంగుళాల హైడెన్సిటీ ఫోమ్. కొబ్బరి పీచు మీకు ఇంటి ముందే దొరుకుతుంది, అయినా వద్దు. గట్టిగా ఉంటుంది, తడి పట్టుకుంటుంది. బూరుగు దూది ఉండలు కడుతుంది. పైన రెగ్జిన్ ఒక్కటే వేస్తే మన ఉక్కపోతకి చెమట పట్టి చర్మం నానుతుంది, దాని మీద నూలు గుడ్డ ముడతల్లేకుండా పరచండి. ఆయన కూర్చున్నాక మీ అరచెయ్యి పైకి తిప్పి ఫోమ్ కిందికి, పిరుదు ఎముక ఉన్నచోటికి తోయండి. ఎముకకీ మీ చేతికీ మధ్య కనీసం ఒక అంగుళం మెత్తదనం మిగలాలి. ఎముక నేరుగా వేళ్లకి తగిలితే ఆ ఫోమ్ పనికిరాదు. కొన్ని నెలలకి ఫోమ్ అణిగిపోతుంది, మళ్లీ ఇలాగే చూసి మార్చండి.

ఎంత మంచి ఫోమ్ అయినా కదలకుండా కూర్చుంటే పుండు వస్తుంది. ఇరవై ముప్పై నిమిషాలకోసారి ఛాతీ మోకాళ్ల మీదకి వచ్చేలా ముందుకి వంగి, రెండు నిమిషాలు ఉండాలి. పక్కన ఒకరు పట్టుకుని నేర్పించండి, సెల్‌ఫోన్‌లో అలారం పెట్టండి. చేతులు ఆనించి ఒక్కసారి పైకి లేచి కూర్చుంటే చాలదు, రక్తం తిరిగి రావడానికి ఆ కొన్ని సెకన్లు సరిపోవు. మంచం మీద రెండు గంటలకోసారి పక్క మార్చాలి, మడమలు పరుపుకి తగలకుండా పిక్కల కింద దిండు పెట్టాలి. సాగిపోయిన నవారు మంచం మీద పడుకోబెడుతుంటే మార్చేయండి. రాత్రి పడుకునేముందు టార్చి వేసి నడుము కింది ఎముక, పిరుదులు, తుంటి పక్కలు, మడమలు చూడండి. చామనఛాయ చర్మం మీద ఎరుపు సరిగా కనపడదు. పక్క చర్మం కంటే నల్లగా, వేడిగా, గట్టిగా ఉందా అని వేలితో చూడాలి. నొక్కి తీస్తే రంగు మారకపోతే, అది మామూలయ్యేదాకా ఆ భాగం మీద కూర్చోబెట్టవద్దు.

మోటారు నాకు ఇష్టం లేదు. వెనక ఇరుసు సీటు కిందే ఉన్న తేలిక ప్లాస్టిక్ కుర్చీ, దానికి స్కూటర్ మోటారు, ఏటిగట్టు ఎక్కేచోట వెనక్కి పడితే మెడకి దెబ్బ. అంతకన్నా మీ సైకిల్ చక్రాలకి చేత్తో తిప్పుకునే రింగులు బిగించండి, రెండు వైపులా బ్రేకులు పెట్టండి. దింపు తీసిన చేతులవి, ఎవరూ తోయనక్కర్లేకుండా తిరగగలరు. అరుగు దిగడానికి పలక వేస్తే అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల పొడవు ఉండాలి. అంత చోటు లేకపోతే ఎప్పుడూ ఒకరు పట్టుకోవాలి, దిగేటప్పుడు వెనక్కి తిప్పి దింపాలి. ఎండలో నిలబెట్టిన కుర్చీ ఇనప ఫుట్‌రెస్ట్ మీద ఒట్టి పాదాలు పెట్టించవద్దు, కాలి బొబ్బలెక్కినా తెలియదు.

సదరం సర్టిఫికెట్ (వైకల్య ధ్రువపత్రం) ఉందో లేదో మీరు రాయలేదు. లేకపోతే గ్రామ సచివాలయంలో స్లాట్ బుక్ చేయించండి. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవారికి దివ్యాంగులకు పరికరాలిచ్చే కేంద్రం ఏడిప్ పథకం కింద కాన్పూరులోని ప్రభుత్వ సంస్థ ఆలింకో తయారుచేసిన వీల్‌చైర్లు శిబిరాల్లో ఇస్తారు, అర్హత వివరాలు అక్కడే అడగండి. అక్కడ ఇచ్చిన కుర్చీ కూడా కొలతకి సరిపోవాలి. మీ చేతిపని అప్పుడు బాగా ఉపయోగపడుతుంది, దానికి ఫుట్‌రెస్ట్ ఎత్తు సరిచేయడానికి, సీటు పలక బిగించడానికి.

ఆసుపత్రి నుంచి వచ్చాక మళ్లీ రాయండి. రాసేటప్పుడు సర్జన్ ఇచ్చిన కాగితాలు, కల్చర్ రిపోర్టు ఫొటోలు పంపండి. నాన్నగారి తుంటి వెడల్పు, పిరుదు వెనక నుంచి మోకాలి మడత దాకా పొడవు, మోకాలి నుంచి మడమ దాకా ఎత్తు, ఈ మూడూ టేపుతో కొలిచి పంపితే సీటు ఎంత ఉండాలో చెబుతాను.