క్రియాటినిన్ 1.8 ఉంటే డయాలసిస్ తప్పదా?

మీ నాన్నగారికి 62 ఏళ్లు, క్రియాటినిన్ (కిడ్నీ రక్తంలోంచి తీసేయాల్సిన వ్యర్థం) 1.8, ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీ ఎంత బాగా వడపోస్తోందో చెప్పే అంకె) 42 అని రాశారు. డయాలసిస్ గురించి ఇప్పుడే టెన్షన్ పడకండి. ఈజీఎఫ్‌ఆర్ 42 అంటే కిడ్నీ జబ్బు ఐదు దశల్లో మూడోదానిలో రెండో భాగం, 3బి అంటారు. డయాలసిస్ మాట సాధారణంగా ఐదో దశలో, అంటే 15 కంటే తగ్గాక వస్తుంది. అప్పుడైనా లక్షణాలు చూసే నిర్ణయిస్తారు. మూడో దశవాళ్లలో చాలామంది అక్కడిదాకా వెళ్లరు. నేనూ కొన్నేళ్లుగా 3బిలోనే ఉన్నాను, రోజూ ఆఫీసుకు వెళ్తున్నాను.

ఒక్క రిపోర్టును పట్టుకుని ఏమీ తేల్చలేం. వాంతులు, విరేచనాలై ఒంట్లో నీరు తగ్గినా క్రియాటినిన్ పెరుగుతుంది. మూడు నెలలకు పైగా ఈజీఎఫ్‌ఆర్ 60 లోపే ఉంటే అప్పుడు దీర్ఘకాలిక జబ్బు అంటారు. పాత రిపోర్టులు వెతికి, తేదీలవారీగా ఒక కాగితం మీద రాసి పెట్టండి. మా డాక్టర్ గారు ముందు అడిగేది ఆ కాగితమే, ఎంత ఉందన్నదానికన్నా ఎంత వేగంగా పడుతోందన్నది ఆయనకు ముఖ్యం. మూత్రంలో అల్బుమిన్ అనే ప్రొటీన్ ఎంత పోతోందో చూసే యూరిన్ ఏసీఆర్ పరీక్ష సంగతి మీరు రాయలేదు. చేయించకపోతే వెంటనే చేయించండి. 30 లోపు ఉంటే మంచిదే, 300 దాటితే కిడ్నీ త్వరగా దెబ్బతినే ముప్పు ఎక్కువ.

బీపీ మందు గురించి ఒక మాట. నాకు టెల్మిసార్టాన్ మొదలుపెట్టాక క్రియాటినిన్ 1.7 నుంచి 1.9కి పెరిగింది. మాత్రే కిడ్నీని పాడుచేస్తోందని ఇంట్లో అందరూ కంగారు. ఆ మందు కిడ్నీ వడపోతలో ఒత్తిడి తగ్గిస్తుంది కాబట్టి మొదట్లో క్రియాటినిన్ 30 శాతం దాకా పెరిగినా ఫర్వాలేదని, రక్తంలో పొటాషియం పెరగకుండా మాత్రం చూసుకోవాలని డాక్టర్ చెప్పారు. తర్వాత క్రియాటినిన్ అక్కడే ఆగింది, ఏసీఆర్ బాగా తగ్గింది. ఇలాంటి మందును మీ అంతట మీరు ఆపేయొద్దు. డాపాగ్లిఫ్లోజిన్ పనికొస్తుందేమో కూడా అడగండి, అది షుగర్ మందే అయినా కిడ్నీ కోసం షుగర్ లేనివాళ్లకూ ఇస్తున్నారు.

ఒళ్లు నొప్పులకు ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ ఇంట్లోనే ఉంచకండి. ఉప్పు రోజుకు మొత్తం 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచాడు దాటకూడదు. ‘లో సోడియం’ ఉప్పు మంచిదని కొంటారేమో, వాటిలో చాలావరకు పొటాషియం క్లోరైడ్ కలుపుతారు, మనకది ప్రమాదం. బిందెలకొద్దీ నీళ్లు తాగితే కిడ్నీ బాగుపడుతుందనేది కూడా ఒట్టి మాటే. ఇక వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజున మామూలు మాత్రల్లో ఏవి ఆపాలో డాక్టర్‌ను ముందే అడిగి రాయించుకోండి.