మందులతో గడ్డం పోదు, లేజర్ ఎప్పుడు మొదలుపెట్టాలి?

పాఠకుల ప్రశ్నలు – నిపుణుల జవాబులు

హార్మోన్ చికిత్స తీసుకుంటున్న, తీసుకోబోతున్న ట్రాన్స్ మహిళల నుంచి గడ్డం గురించి చాలా ఉత్తరాలు వచ్చాయి. ఒకేలా ఉన్నవాటిని కలిపి ఇక్కడ జవాబులు ఇస్తున్నాం. పేర్లు వేయలేదు.

ప్రశ్న: హార్మోన్ మాత్రలు మొదలుపెట్టి తొమ్మిది నెలలైంది. ఛాతీ, చేతుల మీద వెంట్రుకలు పలచబడ్డాయి. గడ్డం మాత్రం రోజూ పొద్దున్నే తీయాల్సిందే. డోసు పెంచుకోమని, గర్భనిరోధక మాత్రలు కూడా కలిపి వేసుకోమని స్నేహితురాలు చెబుతోంది. వేసుకోవచ్చా? – విజయవాడ

వద్దు. డోసు ఎంత పెంచినా గడ్డం పోదు. యుక్తవయసులో టెస్టోస్టెరాన్ వల్ల ఒకసారి ముదిరిన వెంట్రుక కుదురు, ఆ హార్మోను తగ్గిపోయాక కూడా ముతక వెంట్రుకనే పుట్టిస్తుంది. హార్మోన్ చికిత్సతో పెరుగుదల కాస్త నెమ్మదిస్తుంది, వెంట్రుక కొంచెం సన్నబడుతుంది. అది కూడా 6 నుంచి 12 నెలల మధ్య మొదలై, పూర్తిగా తెలియడానికి మూడేళ్లు దాటుతుంది. ఒంటి మీద వెంట్రుకలు తగ్గినంతగా ముఖం మీద తగ్గవు. మీ మందు పని చేయట్లేదని దీనికి అర్థం కాదు. మందు పని చేస్తోందో లేదో తేల్చేది రక్తపరీక్ష. టెస్టోస్టెరాన్ డెసిలీటరుకు 50 నానోగ్రాముల లోపు, స్త్రీ హార్మోను ఈస్ట్రడియోల్ మిల్లీలీటరుకు 100 నుంచి 200 పికోగ్రాముల మధ్య ఉంటే సరిపోయినట్టే. మొదటి ఏడాది మూడు నెలలకోసారి ఈ పరీక్షలు చేయించుకోండి.

గర్భనిరోధక మాత్రల సంగతి గట్టిగా చెప్పాలి. వాటిలో ఎక్కువగా ఉండేది ఎథినిల్ ఈస్ట్రడియోల్. మీ డాక్టరు రాసే ఈస్ట్రడియోల్ కంటే దానితో కాలి రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం చాలా ఎక్కువ. ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరితే ప్రాణానికే ముప్పు. సిగరెట్ అలవాటు ఉంటే మరీ ప్రమాదం. టెస్టోస్టెరాన్‌ను అడ్డుకునే స్పైరనోలాక్టోన్ వాడుతుంటే పొటాషియం పరీక్ష తప్పనిసరి, ఆ మందు రక్తంలో పొటాషియం పెంచగలదు. వేసవి కదా అని రోజుకు మూడు నాలుగు కొబ్బరిబోండాలు తాగేవాళ్లు ఆ మాట డాక్టరుకు చెప్పాలి, ఎందుకంటే కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ.

డోసు పెంచడానికి ఖర్చుపెట్టాలనుకున్న డబ్బు లేజర్‌కు దాచుకోండి.

ప్రశ్న: వచ్చే నెల ఎండోక్రైనాలజిస్టును కలుస్తున్నాను, హార్మోన్లు ఇంకా మొదలవలేదు. లేజర్ ముందే చేయించుకోవాలా, హార్మోన్లు పనిచేసేదాకా ఆగాలా? నాది బాగా నలుపు రంగు. రోజంతా ఎండలో నిలబడే ఉద్యోగం. – హైదరాబాద్

ఆగక్కర్లేదు. లేజర్‌కూ హార్మోన్లకూ పేచీ లేదు. ఏది ముందు మొదలైనా, రెండూ కలిసి నడిచినా ఇబ్బంది లేదు. మేమైతే వీలైనంత త్వరగా మొదలుపెట్టమంటాం. లేజర్ కాంతిని పట్టుకునేది వెంట్రుకలోని నల్లరంగు. నల్లగా, దట్టంగా ఉన్న వెంట్రుక వేడిని బాగా పీల్చుకుని కుదురును కాలుస్తుంది. ఏళ్లు గడిచి వెంట్రుక నెరిస్తే ఆ అవకాశం పోతుంది. పైగా రోజూ గీసిన గడ్డం నీలి నీడ కనిపించకుండా మేకప్ వేసుకునే బాధ ఎంత త్వరగా తగ్గితే అంత మంచిది.

మీ రంగుకు యంత్రం ఎంపికే అన్నిటికంటే ముఖ్యం. చర్మంలో కూడా అదే నల్లరంగు ఉంటుంది కాబట్టి, తప్పు యంత్రం వెంట్రుకతో పాటు చర్మాన్నీ కాలుస్తుంది. 1064 నానోమీటర్ల ఎన్‌డీ-యాగ్ లేజర్ చర్మం పైపొరను దాటి లోపలికి వెళ్తుంది. నల్లని చర్మానికి అదే అన్నిటికంటే భద్రం. 810 నానోమీటర్ల డయోడ్‌ను కూడా చల్లబరిచే ఏర్పాటుతో, అనుభవం ఉన్నవాళ్లు వాడవచ్చు. 755 నానోమీటర్ల అలెగ్జాండ్రైట్ లేజర్, ఐపీఎల్ (లేజర్ కాకుండా తీవ్రమైన వెలుగు మెరుపులతో పనిచేసే యంత్రం) మీకు వద్దు. ఆన్‌లైన్‌లో అమ్మే ఇంటి ఐపీఎల్ పరికరాలు కూడా కొనకండి. వాటిలో చాలావరకు బాగా నల్లని చర్మం మీద పెడితే వెలగనే వెలగవు, వెలిగితే కాలుస్తాయి.

క్లినిక్‌లో అడుగుపెట్టగానే యంత్రం పేరు, తరంగదైర్ఘ్యం అడగండి. ‘మా మెషీన్ అన్ని స్కిన్‌లకూ సేఫ్’ అని ఊరుకుంటే లేచి వచ్చేయండి. దవడ కింద చిన్న చోట పరీక్షగా కొట్టించుకుని, ఒకటి రెండు వారాలు చూశాకే ముఖమంతా చేయించుకోవాలి. నల్ల చర్మం మీద మచ్చ అదే రోజు కనపడదు, కొన్ని రోజులకు తేలుతుంది.

సెషన్‌కు నాలుగు నుంచి ఆరు వారాల ముందు నుంచి వ్యాక్సింగ్, థ్రెడింగ్, పీకడం పూర్తిగా మానాలి. వెంట్రుక కుదురులోనే లేకపోతే లేజర్ దేన్ని కాలుస్తుంది? రేజర్‌తో గీసుకోవడం మాత్రం ఎప్పుడైనా చేయొచ్చు. సెషన్‌కు 12 నుంచి 24 గంటల ముందు నున్నగా గీసుకుని వెళ్లండి. పైకి పొడుచుకొచ్చిన వెంట్రుక ఉంటే వేడి చర్మం మీదే తగులుతుంది. రెటినాయిడ్ క్రీములు వాడుతుంటే ఎన్ని రోజుల ముందు ఆపాలో డాక్టరును అడగండి. పెదవి దగ్గర నీటిపొక్కులు (హెర్పిస్) వచ్చే అలవాటుంటే ముందే చెప్పండి, మాత్ర రాస్తారు. ఎండలో ఉద్యోగం కాబట్టి ఎస్‌పీఎఫ్ 30 పైన ఉన్న సన్‌స్క్రీన్ రెండు గంటలకోసారి రాయాలి, ముఖానికి చున్నీ కట్టుకోవాలి. వీలుంటే డిసెంబరు, జనవరిలో మొదలుపెట్టండి. ఎండకు కమిలిన ముఖంతో ఏ సెషనూ వద్దు, వారం రెండు వారాలు వాయిదా వేసుకున్నా నష్టం లేదు.

చేయించుకున్న వారం పది రోజులకు గడ్డం ఇంకా పెరుగుతున్నట్టే కనిపిస్తుంది. చాలామంది బెంబేలెత్తేది ఇక్కడే. అది పెరుగుదల కాదు, కాలిన వెంట్రుక చర్మం లోంచి బయటికి తోసుకొస్తోంది. మిరియపు పొడి చల్లినట్టు నల్ల చుక్కలుగా కనిపించి, మూడు వారాల్లోపు తువ్వాలుతో తుడిస్తే రాలిపోతుంది. గోళ్లతో గిల్లకండి, మచ్చపడుతుంది. ఆ తర్వాత కొన్నాళ్లు ముఖం నున్నగా ఉండి, మళ్లీ మొలకలు వస్తాయి. అవి మొదటిసారి నిద్రలో ఉన్న కుదుళ్లు. పెరుగుతున్న దశలో ఉన్న వెంట్రుకే లేజర్‌కు లొంగుతుంది, అందుకే నాలుగు నుంచి ఆరు వారాల ఎడంతో 8 నుంచి 12 సార్లు చేయాల్సి వస్తుంది.

ప్రశ్న: జీతం 16,000. అద్దె, మందులు, ఇంటికి పంపేది పోగా నెలకు 2,500 మిగల్చగలను. క్లినిక్‌వాళ్లు ముందే మొత్తం కడితే ‘పర్మనెంట్ ప్యాకేజీ’ ఇస్తామంటున్నారు. కట్టనా? – గుంటూరు

కట్టకండి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ లెక్కలో కూడా లేజర్ అంటే ‘శాశ్వతంగా తగ్గించడం’ మాత్రమే. ‘శాశ్వతంగా తీసేయడం’ అనే పేరు ఎలక్ట్రాలిసిస్‌కే (సూదితో కరెంటు పంపి కుదురును చంపే పద్ధతికే) ఉంది. లేజర్‌కు పర్మనెంట్ అని బోర్డు పెట్టిన చోట మిగతా మాటలు కూడా అలాగే ఉంటాయి. ఏ సెషన్‌కు ఆ సెషన్ డబ్బు కట్టండి. మధ్యలో మచ్చపడినా, టెక్నీషియన్ మారినా, మీరు ఊరు మారినా అక్కడితో ఆపేయవచ్చు. తగ్గింపు కావాలంటే మూడు సెషన్లకు మించి ముందుగా కట్టకండి. జీఎస్టీ కలిపి ఎంతో కాగితం మీద రాయించుకోండి.

ముఖం, మెడ కలిపి సెషన్‌కు 3,500 అనుకుందాం. మొదటి సెషన్‌కు డబ్బు సిద్ధం చేసుకుని దిగండి. అక్కడి నుంచి ఆరు వారాలకు దాదాపు 3,450 జమవుతుంది, అంటే ప్రతి సెషన్‌కూ ఇంచుమించు సరిపోతుంది. ఐదో సెషన్ దాకా ఆరు వారాల ఎడం. అప్పటికి వెంట్రుకలు నెమ్మదిగా వస్తాయి కాబట్టి తర్వాతి మూడింటికి ఎనిమిది వారాల ఎడం పెట్టుకోవచ్చు. ఎనిమిది సెషన్లు దాదాపు పదకొండు నెలల్లో, 28,000లో అయిపోతాయి. వడ్డీకి తేవద్దు. యాప్‌లో అప్పు అసలే వద్దు.

ఒక నెల డబ్బు కుదరకపోతే చేయించుకున్నదంతా వృథా అని బెదిరిస్తారు. కాదు. చచ్చిన కుదురు చచ్చినట్టే. ఆలస్యమైతే మొత్తం గడువు పెరుగుతుంది, అంతే. అంత కూడా కుదరకపోతే పై పెదవి, చుబుకంతో మొదలుపెట్టండి. ఎదుటివాళ్ల చూపు ముందు పడేది అక్కడే, నీడ ఎక్కువగా ఉండేదీ అక్కడే. కొట్టే చోటు తక్కువ కాబట్టి ధరా తగ్గుతుంది. దవడలు, మెడ తర్వాత చేయించుకోవచ్చు.

ఏది ఏమైనా హార్మోన్ల డబ్బు, రక్తపరీక్షల డబ్బు తీసి లేజర్‌కు పెట్టకండి. టెస్టోస్టెరాన్ అదుపులో లేకపోతే కొత్త కుదుళ్లు ముదురుతూనే ఉంటాయి. అప్పుడు లేజర్ ఖర్చుకు అంతుండదు.

ఇక ప్రభుత్వం వైపు. 2019 ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల చట్టం 15వ సెక్షన్ బీమా గురించి చెబుతూ శస్త్రచికిత్స, హార్మోన్ చికిత్సలతో పాటు ‘లేజర్ థెరపీ’ అని పేరుపెట్టి రాసింది. సెలూన్ సోకు అని కొట్టిపారేసేవాళ్లకు ఈ మాట చూపించండి. 2022 ఆగస్టులో ట్రాన్స్ వ్యక్తులకు ఏడాదికి ఐదు లక్షల బీమా రక్షణతో ఆయుష్మాన్ భారత్ టీజీ ప్లస్ ప్రకటించారు. దానికి ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల జాతీయ పోర్టల్ ద్వారా వచ్చే గుర్తింపు సర్టిఫికెట్ కావాలి. లేజర్‌కు వర్తిస్తుందో లేదో చేరకముందే ఆస్పత్రి ఆరోగ్యమిత్రతో రాతపూర్వకంగా తేల్చుకోండి. కొన్ని ప్రభుత్వ బోధనాస్పత్రుల చర్మవిభాగాల్లో లేజర్ యంత్రాలున్నాయి, ఓపీలో అడగడానికి ఖర్చేమీ లేదు. అర్హత ఉంటే ఎన్టీఆర్ భరోసా కింద ట్రాన్స్‌జెండర్లకు ఇచ్చే నెలకు 4,000 పింఛనుకు కూడా దరఖాస్తు పెట్టండి.

ప్రశ్న: నాకు 45 ఏళ్లు. ఇరవై ఏళ్లుగా చిమటాతో పీకుతున్నాను. ఇప్పుడు సగం తెల్లబడింది. లేజర్ చేస్తే పోతుందా? – కర్నూలు

నల్లవి పోతాయి, తెల్లవి పోవు. ఎన్ని వేలు పోసినా లేజర్‌కు తెల్ల వెంట్రుక కనపడదు. దానికి ఎలక్ట్రాలిసిస్సే దారి. సన్నని సూదిని వెంట్రుక పక్కనుంచి కుదురు దాకా దించి, కరెంటు పంపి కుదురును చంపుతారు. సరిగ్గా జరిగితే వెంట్రుక లాగినట్టు తెలియకుండా జారి వస్తుంది. చిమటాతో పీకినట్టు పట్టు తగిలితే కుదురు చావలేదని అర్థం, అప్పుడే చెప్పండి, మళ్లీ కరెంటు ఇస్తారు. ఒక్కో వెంట్రుకనూ విడిగా తీయాలి కాబట్టి గడ్డం మొత్తానికి వంద గంటలు దాటడం మామూలే, రెండు వందలకూ పోవచ్చు. అందుకే ముందు లేజర్‌తో నల్లవాటిని తగ్గించుకుని, మిగిలిన తెల్లవాటికి మాత్రం గంటల లెక్కన సూది పెట్టించుకుంటే ఖర్చు చాలా తగ్గుతుంది.

ముందు చిమటా మానండి. ఏళ్ల తరబడి పీకితే కుదురు వంకర తిరుగుతుంది, సూది తిన్నగా దిగదు. పీకిన వెంట్రుకలన్నీ మళ్లీ పైకి రావడానికి రెండు మూడు నెలలు పడుతుంది. ఆ రోజుల్లో గడ్డం కనపడుతుందనే బాధ నిజమైనదే. రేజర్ వాడండి, గీస్తే గడ్డం ముదురుతుందన్న మాటలో నిజం లేదు. సూది పెట్టించుకునే రోజుకు రెండు మూడు రోజుల మొలక ఉండాలి. అది సెలవు రోజులతో కలిసేలా చూసుకోండి.

నొప్పికి లిడోకెయిన్, ప్రైలోకెయిన్ కలిసిన క్రీము గంట ముందు రాసి పైన ప్లాస్టిక్ పొర కప్పుతారు. డాక్టరు చెప్పిన మోతాదు దాటి పెద్ద చోట పూస్తే రక్తంలో ఆక్సిజన్ మోసే శక్తి దెబ్బతింటుంది. ట్యూబు మొత్తం పూసేయకండి.

ప్రశ్న: మా అమ్మాయి ట్రాన్స్. పార్లర్‌లో లేజర్ చేయించుకుంటే బుగ్గల మీద నల్ల మచ్చలు పడ్డాయి. మందుల షాపులో ఇచ్చిన తెల్లబరిచే క్రీము రాస్తోంది. తగ్గుతుందా డాక్టర్ గారూ? – నిజామాబాద్ నుంచి ఒక తల్లి

తగ్గుతుందమ్మా, కానీ ఆ క్రీము ఈరోజే చర్మవైద్యుడికి చూపించండి. అలాంటి క్రీముల్లో చాలావాటిలో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. నెలల తరబడి ముఖానికి రాస్తే చర్మం పలచబడి, మొటిమలొచ్చి, వెంట్రుకలు కూడా పెరుగుతాయి. దేన్ని పోగొట్టుకోవడానికి వెళ్లిందో అదే తిరిగి వస్తుంది. నిమ్మరసం, పసుపు కూడా వద్దు. సన్‌స్క్రీన్, డాక్టరు రాసిన మందు, కొన్ని నెలల ఓపిక ఉంటే మచ్చలు పలచబడతాయి. అప్పటిదాకా లేజర్ ఆపాలి.

ఇంకొకటి, గడ్డం లేని బుగ్గ పైభాగంలో నూగు మీద లేజర్ కొట్టించవద్దు. మన చర్మాల్లో కొందరికి చాలీచాలని వేడి తగిలితే ఆ నూగే ముదిరి ముతకగా మారుతుంది. మళ్లీ వెళ్లేటప్పుడు యంత్రం, శక్తి, స్పాట్ సైజు (కాంతి పడే చోటు వెడల్పు), తేదీ ప్రతిసారీ కార్డు మీద రాయించండి. వీలైతే మీరూ తోడు వెళ్లండి.

ప్రశ్న: డల్లాస్‌లో ఉంటున్నాను. ఇక్కడ ఎలక్ట్రాలిసిస్‌కు కంపెనీ బీమా వస్తుందా?

ప్లాన్‌ను బట్టి ఉంటుంది. ప్లాన్ పుస్తకంలో జెండర్ చికిత్సల పాలసీ తీసి, ముఖం మీది వెంట్రుకలను మినహాయించారో లేదో చూడండి. ఎలక్ట్రాలిసిస్‌కు బిల్లింగ్ కోడ్ 17380. ఇది వైద్య అవసరమని చెప్పే లేఖ జతచేసి ముందస్తు అనుమతి అడగండి. ట్రాన్స్ ఆరోగ్య నిపుణుల అంతర్జాతీయ సంఘం డబ్ల్యూపాత్ 2022లో తెచ్చిన ఎనిమిదో ప్రమాణాలు వెంట్రుకల తొలగింపును ఈ చికిత్సలో భాగంగానే చూస్తాయి, ఆ మాట లేఖలో ఉండాలి. తిరస్కరిస్తే అప్పీలు చేయండి. బీమా నెట్‌వర్క్‌లో ఎలక్ట్రాలిసిస్ చేసేవాళ్లు లేకపోతే బయటివాళ్లకు అనుమతి అడిగే హక్కు గురించి కూడా కనుక్కోండి.

ప్రశ్న: ఏడాదిన్నరలో వజైనోప్లాస్టీ (యోనిని నిర్మించే ఆపరేషన్) చేయించుకోవాలని ఉంది. ముఖం అయ్యాక కింద మొదలుపెడితే చాలా? – విశాఖపట్నం

చాలదు, రెండూ కలిపి నడపండి. లోపలికి తిప్పే చర్మం మీద వెంట్రుకలు మిగిలితే ఆపరేషన్ తర్వాత తీయడం చాలా కష్టం. ఏ చోట తీయాలో మీ సర్జన్ బొమ్మ గీసి ఇస్తారు, ముందు అది తెచ్చుకోండి. ఏడాది ముందే మొదలుపెట్టి, ఆపరేషన్‌కు మూడు నెలల ముందు చివరి సెషన్ అయ్యేలా చూసుకోవాలి. ఆ మూడు నెలల్లో మళ్లీ మొలకలు వస్తే సర్జన్‌కు చూపించి, తేదీ జరపాలా అని అడగండి. డబ్బు ఒక్కదానికే సరిపోతే ఈ ఏడాది కిందిదానికే పెట్టండి. ముఖానికి రేజర్ ఉంది, తర్వాత ఎప్పుడైనా లేజర్ చేయించుకోవచ్చు.