మళ్లీ ఇన్‌స్టాల్ నొక్కే ముందు

చిరంజీవి మేనల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. విండోస్ లోపలే ఇంకో కంప్యూటర్‌ను (వర్చువల్ మెషీన్‌ను) సృష్టించే వర్చువల్‌బాక్స్‌లో, లినక్స్ రకమైన ఉబుంటు 24.04 ఎక్కించబోతే మూడుసార్లూ మధ్యలోనే పడిపోయిందని రాశావు. ప్రతిసారీ ర్యామ్, ప్రాసెసర్లు, గ్రాఫిక్స్ అన్నీ కలిపి మార్చేశానన్నావు చూడు, నాకు బాధ కలిగించింది ఆ మాటే. రేపు పనిచేసినా దేనివల్ల పనిచేసిందో నీకు తెలియదు. ఒకసారికి ఒక్కటే మార్చు, మార్చింది నోటుపుస్తకంలో రాసుకో.

ముందు తేల్చుకోవాల్సింది, పడిపోతున్నది ఎవరు అని. ఆ వర్చువల్ మెషీన్ విండోయే మాయమై జాబితాలో దాని పేరు దగ్గర ‘అబార్టెడ్’ అని కనిపిస్తే తప్పు బయట ఉన్నట్టు, అంటే విండోస్‌లోనో వర్చువల్‌బాక్స్‌లోనో. విండో అలాగే ఉండి ఇన్‌స్టాలర్ ఒక్కటే మూసుకుపోతే లోపలి లినక్స్‌లో వెతకాలి.

నువ్వు పంపిన ఫొటోలో ఉబుంటు డెస్క్‌టాప్ నిక్షేపంగా ఉంది. ఫైళ్లు కాపీ అవుతుండగా ఇన్‌స్టాలర్ మాత్రం పోయింది. మెషీన్‌కు ఇచ్చిన ర్యామ్ 2 జీబీ. నా అనుమానం దాని మీదే. ఇన్‌స్టాల్ అయిపోయిన లినక్స్ కంటే, అవుతున్న లినక్స్‌కే చాలాసార్లు ర్యామ్ ఎక్కువ కావాలి. ఐఎస్ఓ (నువ్వు దించుకున్న ఇన్‌స్టాల్ ఫైలు) నుంచి లేచిన ఉబుంటు తాను కొత్తగా రాసుకునేదంతా డిస్కు మీద కాక ర్యామ్‌లోనే పెట్టుకుంటుంది. ఇన్‌స్టాలర్ కూడా అక్కడే సర్దుకోవాలి. ఆదుకోవడానికి డిస్కు మీద స్వాప్, అంటే ర్యామ్ చాలనప్పుడు వాడుకునే చోటు, ఇంకా తయారై ఉండదు. చోటు చాలనప్పుడు లినక్స్ గుండెకాయ లాంటి కెర్నెల్ ఎక్కువ మెమరీ వాడుతున్న ప్రోగ్రామును వెతికి చంపేస్తుంది.

నా మాట నమ్మి ఊరుకోకు, కళ్లారా చూడు. ఇన్‌స్టాల్ మొదలుపెట్టే ముందు టెర్మినల్ తెరిచి, సిస్టమ్ లాగ్‌ను (జరిగినవి నమోదయ్యే చిట్టాను) ఎప్పటికప్పుడు చూపించే ‘sudo journalctl -f’ ఆదేశం నడిపి అలాగే వదిలేయి. ఇన్‌స్టాలర్ పోయిన క్షణంలో అక్కడ ‘అవుట్ ఆఫ్ మెమరీ’, ‘కిల్డ్ ప్రాసెస్’ అన్న మాటలు పడితే దొంగ దొరికినట్టే. వెంటనే ఫొటో తీసుకో. ఆ లాగ్ కూడా ర్యామ్‌లోదే కనుక, మెషీన్ ఆపితే పోతుంది.

అప్పుడు ర్యామ్ 4 జీబీ చెయ్యి. నీ ల్యాప్‌టాప్‌లో ఉన్నదే 8 జీబీ, అంతకు మించి ఇస్తే విండోస్‌కు ఊపిరాడదు. డిస్కు 25 జీబీకి తగ్గకూడదు. వర్చువల్ డిస్కు ఫైలు రాసేకొద్దీ పెరుగుతుంది కాబట్టి నీ అసలు డ్రైవులో కూడా అంత ఖాళీ ఉందో లేదో చూసుకో.

వీటన్నిటికంటే ముందు రెండు నిమిషాల పని ఒకటుంది. ఒకసారి నేను డౌన్‌లోడులో పాడైన ఐఎస్ఓతో రాత్రంతా కుస్తీ పట్టాను. బూట్ చక్కగా అయ్యేది, కాపీ దగ్గర ఆగేది. అందుకే విండోస్‌లోని సర్ట్‌యుటిల్ (certutil) అనే ఆదేశంతో నీ ఫైలు షా256 విలువ (ఫైలుకు వేలిముద్ర లాంటిది) తీసి, ఉబుంటు వాళ్లు ఐఎస్ఓతో పాటు ఇచ్చే విలువతో పోల్చు. 64 అక్షరాలుంటాయి. ఒక్కటి తేడా వచ్చినా ఆ ఫైలు తీసేసి మళ్లీ దించుకో.

విండోయే మాయమయ్యే రోజు వస్తే, మెషీన్ పేరు మీద కుడి క్లిక్ చేసి లాగ్ తెరిచి కింది నుంచి పైకి చదువు. విండో అడుగున ఆకుపచ్చ తాబేలు బొమ్మ కనిపిస్తే వర్చువల్ మెషీన్లకు ప్రాసెసర్ ఇచ్చే సాయాన్ని (వర్చువలైజేషన్‌ను) విండోస్ సొంత వర్చువల్ మెషీన్ వ్యవస్థ హైపర్‌-వి పట్టుకుని కూర్చుందని అర్థం. చాలా ల్యాప్‌టాప్‌లలో దానికి కారణం మెమరీ ఇంటిగ్రిటీ అనే భద్రతా సదుపాయం. ఆపి చూడవచ్చు కానీ, పని అయ్యాక మళ్లీ పెట్టు. తెర నల్లగా ఉండిపోతే మాత్రం మెషీన్ డిస్‌ప్లే సెట్టింగుల్లో 3డీ యాక్సిలరేషన్ తీసేసి, ఉబుంటు లేచేటప్పుడు వచ్చే బూట్ మెనూలో సేఫ్ గ్రాఫిక్స్ ఎంచుకో.

ఈసారి పడినా పడకపోయినా టెర్మినల్‌లోని చివరి ఇరవై వరుసలు నాకు పంపు. ఆదివారం పొద్దున ఫోనులో ఇద్దరం కలిసి చదువుదాం. మీ అమ్మను అడిగానని చెప్పు.

ఇట్లు,
నీ మామయ్య