పతసంస్థ సర్వర్‌కు ఈసీసీ మెమరీ వేరుగా కొనాలా? డీడీఆర్5లో అది ముందే ఉంటుందా?

మీరు రెండు సంగతులు అడిగారు. రాజురాలోని పతసంస్థ (సహకార పరపతి సంఘం) ఖాతాల కోసం పెట్టబోయే టవర్ సర్వర్‌కు 64 జీబీ మెమరీ ఎలాంటిది కొని ఎలా అమర్చాలన్నది ఒకటి. కొత్త తరం మెమరీ అయిన డీడీఆర్5లో ఈసీసీ (తారుమారైన బిట్లను కనిపెట్టి దిద్దే ఏర్పాటు) లోపలే ఉంటుంది కనుక దానికి వేరే డబ్బు పెట్టనక్కర్లేదని నాగపూర్ దుకాణదారు చెప్పిన మాట నిజమేనా అన్నది మరొకటి. దుకాణదారు మాట సగమే నిజం కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం.

డీడీఆర్5 చిప్పు లోపల ప్రతి 128 బిట్ల సమాచారానికి 8 బిట్లు అదనంగా ఉంటాయి. లోపల ఒక బిట్ తారుమారైతే చిప్పే దాన్ని సరిచేసి బయటకు పంపుతుంది. అయితే చిప్పు దాటి ప్రాసెసర్ చేరే దారిలో, అంటే స్టిక్ (మెమరీ చిప్పులు అమర్చిన పట్టీ) అంచున ఉండే బంగారు పూత పళ్ళ దగ్గరో, స్లాట్‌లోనో, బోర్డు మీదో సమాచారం చెడితే ఈ ఏర్పాటుకు తెలియదు. పైగా తాను సరిచేసిన సంగతిని ఆపరేటింగ్ సిస్టమ్‌కు చెప్పదు. అసలైన ఈసీసీ స్టిక్ మీద చిప్పులే ఎక్కువ ఉంటాయి. ముందు తరం డీడీఆర్4లో 64 బిట్లకు మరో 8 చేరి 72 అవుతాయి. డీడీఆర్5 స్టిక్‌లో 32 బిట్ల ఉపఛానళ్ళు (సమాచారం వేర్వేరుగా నడిచే దారులు) రెండూ చెరో 8 బిట్లు కలుపుకొని మొత్తం 80 అవుతాయి, కొన్ని రకాల్లో చెరో 4 కలిసి 72 ఉంటాయి. ఈ అదనపు బిట్లను ప్రాసెసర్‌లోని మెమరీ కంట్రోలర్ సరిచూసి, ఒక బిట్ తప్పును దిద్దుతుంది, రెండు బిట్ల తప్పును కనిపెడుతుంది, ఏది జరిగినా లాగ్‌కు ఎక్కేలా చేస్తుంది. నా దృష్టిలో ఈసీసీకి పెట్టే డబ్బులో సగం విలువ ఆ లాగ్‌లోనే ఉంది.

ఇలాంటి తప్పులు ఎప్పుడో గాని రావని చాలామంది అంటారు. గూగుల్ యంత్రాల మీద బియాంకా ష్రోడర్ బృందం 2009లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఏడాది కాలంలో దాదాపు మూడో వంతు యంత్రాల్లో, 8 శాతానికి పైగా స్టిక్‌లలో, సరిదిద్దదగిన తప్పు కనీసం ఒకటి నమోదైంది. ఒకసారి తప్పు చూపిన స్టిక్ మళ్ళీ చూపే అవకాశం ఎక్కువని కూడా అందులో తేలింది. అందువల్ల మొదటి హెచ్చరిక మన కంట పడితే, ఖాతాలో ఒక అంకె మారక ముందే స్టిక్ మార్చుకునే వీలు కలుగుతుంది.

కొనేటప్పుడు ప్రాసెసర్, బోర్డు, స్టిక్ మూడూ ఈసీసీని ఒప్పుకోవాలి. ఇంటెల్‌లో అయితే జియాన్ ‘ఈ’ (E) తరగతి గాని, డబ్ల్యూ680 చిప్‌సెట్ బోర్డుతో సరిపడే కోర్ ప్రాసెసర్ గాని చూడండి. ఏఎండీ రైజెన్ అయితే బోర్డు తయారీదారు ఈసీసీ పనిచేస్తుందని స్పష్టంగా రాసి ఉండాలి. ఒప్పుకోని బోర్డులో పెట్టిన ఈసీసీ స్టిక్ చాలాసార్లు మామూలు ర్యామ్‌లా నడిచిపోతుంది, ఎవరికీ అనుమానం రాదు. పాత సర్వర్ల నుంచి తీసిన ఆర్‌డిమ్ (పెద్ద సర్వర్ల రకం) స్టిక్‌లు చౌకగా దొరుకుతాయి గాని యూడిమ్ (మామూలు రకం) కోరే చిన్న బోర్డులో అవి పనిచేయవు. మీ అవసరానికి 16 జీబీవి నాలుగు కాకుండా 32 జీబీవి రెండు, ఒకే మోడల్‌వి, బోర్డు తయారీదారు జాబితాలో ఉన్నవి తీసుకోండి. ఇలాంటి బోర్డుల్లో నాలుగు డీడీఆర్5 స్టిక్‌లు పెడితే సాధారణంగా వేగం తగ్గుతుంది. పైగా రేపు పెంచుకోవడానికి స్లాట్ మిగలదు. ఎక్స్‌ఎంపీ వంటి వేగం పెంచే అమరికలు ఆటల యంత్రాలకు వదిలేయండి.

బల్లార్షా దగ్గర ఒక పత్తి జిన్నింగ్ మిల్లు సర్వర్‌ను నేను చూస్తుంటాను. ఒక వేసవిలో సరిదిద్దిన తప్పుల లెక్క ఒకే స్లాట్ పేరు మీద రోజురోజుకూ పెరగసాగింది. చంద్రపూర్ ఎండలు తెలిసినవే కాబట్టి వేడి వల్లనే అని అందరూ అన్నారు. చిప్పు వేడి 85 డిగ్రీలు దాటితే మెమరీని రెట్టింపు తరచుగా రిఫ్రెష్ చేయాల్సి వస్తుందన్న మాట నిజమే గాని, అక్కడ స్టిక్‌ల వేడి అంతవరకు పోలేదు. రెండు స్టిక్‌లను స్లాట్లు మార్చి పెట్టాను. తప్పు స్టిక్‌తో పాటు వెళ్ళలేదు, పాత స్లాట్ దగ్గరే ఉండిపోయింది. ఆ స్లాట్‌లో సన్నని దూది పీచు, దుమ్ము చేరి ఉన్నాయి; గాలితో ఊది శుభ్రం చేశాక లెక్క ఆగిపోయింది. ఈసీసీ లేకపోతే ఈ నింద మామూలుగానే లెక్కల సాఫ్ట్‌వేర్ రాసిన కుర్రవాడి మీద పడేది.

బయోస్‌లో (బోర్డు అమరికల తెరలో) ఈసీసీని, ఉంటే ప్యాట్రోల్ స్క్రబ్‌ను (మెమరీని తిరిగి తిరిగి చదివి తప్పులు దిద్దే ఏర్పాటును) ఆన్ చేయండి. మిర్రరింగ్, అంటే ఒకే సమాచారాన్ని రెండు చోట్ల ఉంచడం, పెద్ద సర్వర్ల సౌకర్యం, సగం మెమరీని అదే తీసుకుంటుంది. ఆ డబ్బును బ్యాకప్‌కు పెట్టమని మీ సంచాలకులకు చెప్పండి. పని మొదలుపెట్టే ముందు ఒక రాత్రంతా మెమరీని పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్లస్ నడపండి. లినక్స్‌లో డీఎంఐడీకోడ్ అనే ఆదేశం చూపే మొత్తం వెడల్పు డేటా వెడల్పు కన్నా ఎక్కువ ఉందో లేదో చూడండి. అయితే అది స్టిక్ గురించి మాత్రమే చెబుతుంది. మెమరీ తప్పులను లెక్కపెట్టే ఈడ్యాక్ డ్రైవర్ లోడయి, తప్పుల లెక్క సున్నాగానైనా కనిపిస్తే, కంట్రోలర్ కూడా పని చేస్తోందని నమ్మవచ్చు. ఆ తప్పులను నమోదు చేసే రాస్‌డీమన్ ప్రోగ్రామ్ పెట్టి, లెక్క పెరిగిన రోజున మీకు మెయిల్ వచ్చేలా చిన్న స్క్రిప్ట్ రాసుకోండి. విండోస్ సర్వర్ అయితే ఈవెంట్ వ్యూయర్‌లో వీయా లాగర్ (WHEA-Logger) కింద ఇవే కనిపిస్తాయి. దిద్దలేని తప్పు వచ్చినప్పుడు యంత్రం ఆగిపోయేలా ఈడ్యాక్‌లో అమర్చడం పతసంస్థకు మంచిది. అరగంట కౌంటర్ ఆగినా ఫర్వాలేదు, తప్పుడు నిల్వ మొత్తం డిస్కుకు చేరకూడదు.

ఎప్పుడో ఒక తప్పు దిద్దబడితే తేదీ రాసుకుంటే చాలు. అదే స్టిక్ మీద మళ్ళీ మళ్ళీ వస్తే స్లాట్ మార్చి చూసి, తప్పు స్టిక్ వెంటే వెళితే వారంటీలో మార్పించండి. దిద్దలేని తప్పు ఒక్కటి వచ్చినా ఆ స్టిక్‌ను ఆ రోజే తీసేయండి. లాగ్‌లో కనిపించే స్లాట్ పేరు బోర్డు మీద అచ్చయిన పేరుతో తరచుగా కలవదు. కాబట్టి కొత్తలోనే ఒక్కో స్టిక్ పెట్టి ఏ పేరు ఏ స్లాట్‌దో గుర్తించి, ఆ పట్టికను క్యాబినెట్ మూత లోపలివైపు అంటించండి.