ఇనప బాణలి సంగతి తర్వాత... రక్త పరీక్ష మళ్లీ ఎప్పుడు చేయించారు?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 37. ఆరు నెలల కిందట పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 8.6 వచ్చింది. ఐరన్ మాత్రలు రాశారు. అవి వేసుకుంటే కడుపులో తిప్పడం, మలబద్ధకం, పైగా మలం నల్లగా రావడంతో భయమేసి మూడు వారాలకే మానేశాను. ఇనప పాత్రల్లో వండుకుంటే రక్తం పడుతుందని వీడియోల్లో చూసి పోత ఇనుము పెనం, బాణలి కొన్నాను. ఐదు నెలలుగా వంటంతా వాటిలోనే. కానీ బాణలి తుప్పు పడుతోంది. వంటలో నల్లటి పెచ్చులు కనిపిస్తున్నాయి. సీజనింగ్ (నూనె పూసి కాల్చడం) ఎన్నిసార్లు చేసినా జిగురుగానే ఉంటోంది. సబ్బుతో కడగొచ్చా? ఆ తుప్పు కడుపులోకి పోతే ప్రమాదమా? మెట్లెక్కితే ఆయాసం మాత్రం అలాగే ఉంది. నెలసరి ఎనిమిది రోజులు ఉంటుంది, అది నాకు మొదటినుంచీ మామూలే. మా మూడేళ్ల పాప కూడా ఇదే వంట తింటుంది.
– ఓ పాఠకురాలు

జవాబు: అమ్మా, బాణలి గురించి చాలా వివరంగా రాశారు. ఆయాసం గురించి చివర్లో ఒక్క ముక్కతో సరిపెట్టారు. నేను ముందు ఆయాసం గురించే మాట్లాడతాను. బాణలికి తప్పకుండా వస్తాను.

వయోజన స్త్రీలలో, గర్భిణులు కానివారికి, హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువుంటే రక్తహీనత అంటాం. 8 నుంచి 11 మధ్య ఉంటే మధ్యస్థం, 8 కంటే దిగితే తీవ్రం. మీది 8.6 అన్నది ఆరు నెలల కిందటి మాట. ఈ ఆరు నెలల్లో ప్రతి నెలా ఎనిమిది రోజులు రక్తం పోయింది, మందు పడింది మూడు వారాలే. ఇవాళ ఆ అంకె ఎంతుందో మీకూ తెలీదు, నాకూ తెలీదు. కాబట్టి ఈ వారంలోనే పూర్తి రక్త పరీక్ష, దాంతోపాటు ఫెరిటిన్ చేయించుకోండి. ఫెరిటిన్ అంటే ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే పరీక్ష. జ్వరం, ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు అది ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది, అందుకే ఒంట్లో బాగున్న రోజున ఇవ్వండి. కదలకుండా కూర్చున్నా ఆయాసం, ఛాతీలో నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం, గంటకో రెండు గంటలకో ప్యాడ్ తడిసిపోవడం లాంటివి ఏది ఉన్నా మాత్రం వారం ఆగొద్దు, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.

'మొదటినుంచీ మామూలే' అన్న మాట ఎంతమంది నోట విన్నానో లెక్కలేదు. ఎప్పటినుంచో ఉన్నంత మాత్రాన అది మామూలైపోదు. ఏడు రోజులు దాటిన నెలసరి, గడ్డలు గడ్డలుగా పోవడం, రాత్రి నిద్రలో లేచి ప్యాడ్ మార్చుకోవాల్సి రావడం... ఇవన్నీ అధిక రక్తస్రావం కిందే లెక్క. గర్భసంచిలో ఫైబ్రాయిడ్లు అనే కణితులు ఉన్నా, థైరాయిడ్ తేడా చేసినా ఇలా జరుగుతుంది. మొదటి నెలసరి నుంచే ఇలా ఉంటే, రక్తం గడ్డకట్టడంలో పుట్టుకతో వచ్చిన లోపమేమైనా ఉందా అని కూడా చూడాలి. చిన్న దెబ్బకే ఒంటి మీద నల్లగా కమిలిపోతుందా, పన్ను తీయించుకున్నప్పుడు రక్తం ఓ పట్టాన ఆగలేదా? ఉంటే అది గైనకాలజిస్టుకు తప్పక చెప్పండి.

ఒక చిన్న లెక్క చెబుతాను. మామూలు హిమోగ్లోబిన్ ఉన్న మనిషిలో ఒక మిల్లీలీటరు రక్తంలో సుమారు అర మిల్లీగ్రాము ఐరన్ ఉంటుంది. ఒక నెలసరిలో 80 మిల్లీలీటర్ల రక్తం పోతే 40 మిల్లీగ్రాములు పోయినట్టే. మామూలుగా మనం తినే తిండిలోంచి ఒంటికి పట్టేది రోజుకు ఒకటి రెండు మిల్లీగ్రాములే. ఒంట్లో ఐరన్ తగ్గినప్పుడు పేగులు ఇంకాస్త ఎక్కువ పీల్చుకోవాలని చూస్తాయి. అయినా కుండకు చిల్లు ఉన్నప్పుడు పైనుంచి ఎంత పోసినా నిండదు. ముందు చిల్లు ఎక్కడుందో చూడాలి.

ఇక ఇనప పాత్ర వల్ల లాభం లేదా అంటే, ఉంది. 1999లో ఇథియోపియాలో చిన్న పిల్లల మీద చేసిన అధ్యయనం ఒకటి లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. అల్యూమినియం కుండల్లో వండిన తిండి తిన్న పిల్లల కంటే, ఇనప కుండల్లో వండింది తిన్న పిల్లల్లో హిమోగ్లోబిన్ ఎక్కువ పెరిగింది. కంబోడియాలో ఇదే ఆలోచనతో చేప ఆకారంలో ఇనప ముక్క చేసి వంటకుండలో వేయించారు. తర్వాత అక్కడి గ్రామాల్లో రక్తహీనత ఉన్న స్త్రీల మీద జాగ్రత్తగా పరీక్షించి చూస్తే హిమోగ్లోబిన్ పెరగలేదు. అక్కడ చాలామందిలో రక్తహీనతకు అసలు కారణం ఐరన్ లోపం కాదు, పుట్టుకతో వచ్చిన హిమోగ్లోబిన్ తేడాలు. మీ విషయంలో నా భయం కూడా ఇదే. తలసీమియా అనే పుట్టుకతో వచ్చే హిమోగ్లోబిన్ లోపాన్ని జన్యువుల్లో మోస్తున్నవారికి, బీ12 విటమిన్ తగ్గినవారికి కూడా హిమోగ్లోబిన్ తక్కువే ఉంటుంది. వారికి ఇనప బాణలి ఏం చేస్తుంది? కారణం తేలకుండా ఐదు నెలలు గడిచిపోయాయి.

ఇంకో విషయం మీకు ఆ వీడియోల్లో చెప్పి ఉండరు. సీజనింగ్ అంటే నూనె బాగా వేడెక్కి, ఇనుముకు గట్టి పొరలా అతుక్కుపోవడం. ఆ పొర తుప్పును ఆపుతుంది, వంట అంటుకోకుండా చూస్తుంది. ఇనుముకూ వంటకూ మధ్య అడ్డుగా నిలబడేదీ అదే. అంటే సీజనింగ్ ఎంత బాగా కుదిరితే వంటలోకి దిగే ఐరన్ అంత తగ్గుతుంది. కొత్త పాత్రలో, పులుపు ఉన్న నీళ్లవంటకం ఎక్కువసేపు ఉడికితే ఎక్కువ దిగుతుంది. పొడి వేపుడులో దిగేది కొద్దే. ఏ రోజు ఎంత దిగిందో కొలిచే దారి లేదు. మాత్రలో ఎంతుందో అట్ట మీదే రాసి ఉంటుంది. అందుకే 8.6 ఉన్న మనిషికి నేను బాణలిని మందుగా రాయలేను.

మాత్రలు మానేయడం గురించి కాస్త గట్టిగానే చెబుతున్నాను, ఏమీ అనుకోకండి. పడకపోవడం మీ తప్పు కాదు, చాలామందికి పడవు. కానీ ఆ మాట రాసిచ్చిన డాక్టరుకు ఒక్క ఫోన్ చేసి చెప్పాల్సింది. ఐరన్ వేసుకున్నప్పుడు మలం నల్లబడటం మామూలే, దానికి భయపడక్కర్లేదు. తారులా జిగటగా, దుర్వాసనతో వస్తూ నీరసం, తల తిరగడం కూడా ఉంటే మాత్రం అది వేరు. కడుపులో రక్తం పోతోందేమో చూడాలి, వెంటనే చూపించుకోవాలి. కడుపులో తిప్పుతుంటే తిన్నాక వేసుకోవచ్చు. డోసు తగ్గించవచ్చు. మందు రకం మార్చవచ్చు. రోజు మార్చి రోజు వేసుకుంటే ఒక్కో మాత్రలోంచి ఒంటికి పట్టేది పెరుగుతుందని ఇటీవలి పరిశోధనలు చెబుతున్నాయి, కొందరికి కడుపు ఇబ్బందీ తగ్గుతుంది. ఏదీ పడకపోతే నరం ద్వారా ఇచ్చే ఐరన్ ఉంది. ఇందులో మీకు ఏది సరిపోతుందో మిమ్మల్ని చూసిన డాక్టరే చెప్పాలి. మందుల షాపులో అడిగి టానిక్కులు, ఇంజెక్షన్లు తెచ్చుకోవద్దు.

కడుపులో మంటని, గ్యాస్ అని సొంతంగా ఏవైనా మాత్రలు వాడుతున్నారా? మీరు రాయలేదు, అయినా అడుగుతున్నాను. కడుపులో ఆమ్లం తగ్గించే మాత్రలు, క్యాల్షియం మాత్రలు ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వవు. టీ, కాఫీ కూడా అంతే. ఐరన్ మాత్రకు ముందూ తర్వాతా టీ, కాఫీలకు కనీసం గంట ఎడం ఉంచండి. థైరాయిడ్ మాత్ర వాడుతుంటే దానికీ ఐరన్‌కీ మధ్య నాలుగు గంటలు ఉండాలి. విటమిన్ సి ఉన్న పండో నిమ్మరసమో తోడుంటే మంచిదే. మందు పడితే మూడు నాలుగు వారాల్లో హిమోగ్లోబిన్ దాదాపు రెండు పాయింట్లు పెరగాలి. పెరగలేదంటే రోగనిర్ధారణ మళ్లీ చూసుకోవాలి. 12 దాటగానే ఆపేయకూడదు. నిల్వలు నిండాలంటే సాధారణంగా ఆ తర్వాత కూడా మూడు నెలల దాకా వాడమంటాం.

ఇప్పుడు బాణలి. తుప్పు విషం కాదు. అది ఐరన్ ఆక్సైడ్. నీళ్లలో కరగదు, పేగులు దాదాపు పీల్చుకోవు. దానివల్ల రక్తమూ పట్టదు. తుప్పు తింటే ధనుర్వాతం వస్తుందన్న భయమూ అక్కర్లేదు, అది గాయంలోకి చేరే బ్యాక్టీరియా వల్ల వచ్చే జబ్బు. నల్లటి పెచ్చులు పాత నూనె పొర ఊడిపోయినవి, లేదా మాడి అంటుకుపోయిన తిండి. కొద్దిగా కడుపులోకి పోయినా బయటికి పోతుంది. అలాగని రోజూ మాడు తినడం మంచిది కాదు, దాన్ని గీకి తీసేయండి.

జిగురుకు కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే, నూనె ఎక్కువ పూయడం. లేదంటే వేడి చాలకపోవడం. ముందు స్టీలు పీచుతో, సబ్బుతో తుప్పూ జిగురూ పోయేదాకా తోమండి. కడిగి, పొయ్యి మీద పెట్టి తడి పూర్తిగా ఆరనివ్వండి. గోరువెచ్చగా ఉన్నప్పుడు లోపలా బయటా పిడి దాకా కొద్దిపాటి వంటనూనె రుద్దండి. తర్వాత పొడిగుడ్డతో, అసలు నూనే పూయలేదన్నంతగా తుడిచేయండి. చాలామంది తుడవకుండా వదిలేసేది ఇక్కడే. ఓవెన్ ఉంటే సుమారు 230 డిగ్రీల సెల్సియస్‌లో బోర్లించి గంటసేపు ఉంచి, అందులోనే చల్లారనివ్వండి. లేకపోతే పొయ్యి మీదే పల్చగా పొగ వచ్చి తగ్గేదాకా వేడి చేయండి. మూడు నాలుగుసార్లు ఇలా చేస్తే పొర కుదురుతుంది. ఆ పొగ ఊపిరితిత్తులకు మంచిది కాదు. కిటికీలు తీయండి. ఆస్తమా ఉన్నవాళ్లు, పాప ఆ గదిలో ఉండకూడదు.

సబ్బు నిరభ్యంతరంగా వాడొచ్చు. సబ్బు తగలకూడదన్నది పాతకాలం నాటి ఘాటైన క్షారపు సబ్బుల మాట. గిన్నెలు తోముకునే ఇప్పటి సబ్బు కొద్దిగా వాడితే గట్టిపడిన పొర పోదు. నీళ్లలో నానబెట్టడం, తడిగా వదిలేయడం మాత్రం చేయొద్దు. కడిగిన వెంటనే మంట మీద ఆరబెట్టి, చుక్క నూనె రాసి తుడిచి పెట్టుకోండి. వండింది అందులోనే రాత్రంతా ఉంచకుండా స్టీలు గిన్నెలోకో గాజు గిన్నెలోకో తీసేయండి. తీగ బ్రష్షులు వాడేటప్పుడు జాగ్రత్త. ఊడిన తీగ ముక్క తిండిలో కలిసి గొంతులో, పేగులో గుచ్చుకున్న సందర్భాలు వైద్యంలో ఉన్నాయి. పాత పొర ఊడదీయడానికి కాస్టిక్ సోడా వాడమని కొందరు చెబుతారు. చర్మం, కన్ను కాలిపోతాయి. చిన్నపిల్ల ఉన్న ఇంట్లో అది వద్దే వద్దు.

మిగతా పాత్రల గురించి రెండు మాటలు. నాన్‌స్టిక్‌ను ఖాళీగా మంట మీద వదిలేయకండి. 260 డిగ్రీలు దాటితే పూత చెడటం మొదలవుతుంది, బాగా కాలితే వచ్చే పొగ ఫ్లూ లాంటి జ్వరం తెస్తుంది. రాగి పాత్రకు లోపల కళాయి పూత పోయి ఉంటే పులుపు వండొద్దు, వాంతులవుతాయి. నాకు ఎక్కువ భయం వేసేది తుక్కు లోహం కరిగించి పోసిన పాత్రలంటే. వాటిలోంచి సీసం దిగే ప్రమాదముంది. సీసం కూడా రక్తహీనత తెస్తుంది. ఐరన్ తక్కువున్న పిల్లలు దాన్ని ఇంకా ఎక్కువ పీల్చుకుంటారు. మీ ఇంట్లో అలాంటివి ఉంటే పక్కన పెట్టి, ఆ సంగతి డాక్టరుకు చెప్పండి.

పాప ఇనప బాణలిలో వండింది తింటే సాధారణంగా ఇబ్బంది లేదు. పాలిపోయినట్టు ఉన్నా, మట్టి లాంటివి నోట్లో పెట్టుకుంటున్నా తనకూ ఒకసారి రక్త పరీక్ష చేయించండి. తలసీమియా జబ్బు ఉన్నవారు, ఒంట్లో ఐరన్ పేరుకుపోయే జబ్బు ఉన్నవారు ఇంట్లో ఉంటే వారికి ఈ పాత్రల్లో వండొద్దు.

మీరు మానేసిన ఐరన్ మాత్రలు ఇప్పుడు ఇంట్లో ఎక్కడున్నాయి? మూడు వారాలకే ఆపేశారంటే అట్టలు మిగిలే ఉంటాయి. పెద్దవాళ్ల ఐరన్ మాత్రలు చిన్నపిల్లలకు ప్రాణం మీదికి తెస్తాయి. కొన్ని మింగినా చాలు. మొదట వాంతులై, కొన్ని గంటలకు తేరుకున్నట్టే కనిపించి, తర్వాత పరిస్థితి విషమించవచ్చు. ఎప్పుడైనా మింగిందని అనుమానం వస్తే, బాగానే ఉంది కదా అని ఇంట్లో కూర్చోకండి, అట్ట చేత్తో పట్టుకుని నేరుగా ఆసుపత్రికి వెళ్లండి. ఇది చదవగానే లేచి వెళ్లి ఆ మాత్రలు వెతికి, పాపకు అందని చోట తాళం వేసి పెట్టండి.