బర్గర్ నుంచి బొగ్గుల దాకా: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో చాలామంది మసాలా గురించే అడిగారు, ఏ పొడి ఎంత వెయ్యాలి, ఏ సాస్ కొనాలి అని. నా జవాబుల్లో మాత్రం మంట గురించే ఎక్కువ కనిపిస్తుంది. బర్గరైనా బార్బెక్యూ అయినా రుచి కుదిరేదీ చెడేదీ అక్కడే.

ప్రశ్న: ఇంట్లో చికెన్ కీమాతో బర్గర్ చేస్తుంటే ప్యాటీ పెనం మీదే విరిగిపోతోంది. గుడ్డు, బ్రెడ్ పొడి, కార్న్‌ఫ్లోర్ అన్నీ కలిపి చూశాను. విరగకుండా వస్తే రబ్బరులా ఉంటోంది. ఏం చెయ్యాలి? (గుంటూరు నుంచి ఒక పాఠకురాలు)

ముందు ఆ గుడ్డూ కార్న్‌ఫ్లోరూ పక్కన పెట్టేయండి. ప్యాటీ విరిగిపోతోందంటే చాలాసార్లు కారణం నీళ్లు. మన ఇళ్లలో కీమా తెచ్చాక కడిగే అలవాటు ఉంది, అలా కడిగితే ఎంత పిండినా తడి మిగిలే ఉంటుంది. కాబట్టి ముక్కలు తడి లేకుండా ఉన్నప్పుడే కీమా కొట్టించండి, తర్వాత కడగొద్దు. రెండోది ఉల్లిపాయ. సన్నగా తరిగి కీమాలో కలిపితే వేడి తగలగానే నీరు వదిలి ముద్దని వదులు చేసేస్తుంది. బర్గర్‌లో ఉల్లిపాయ ప్యాటీ పైన ఉంటే చాలు, లోపల అక్కర్లేదు.

షాపులో బ్రెస్ట్ ముక్క మాత్రమే కొట్టించకండి, అందులో కొవ్వు ఉండదు, ఎండిపోతుంది. తొడ మాంసం అడగండి. ఉప్పు కలిపి ఒక్క నిమిషం చేత్తో కలిపితే జిగురొచ్చి ముద్ద పట్టుకుంటుంది, ఇంకా పిసుకుతూ కూర్చుంటే మాత్రం మళ్లీ రబ్బరే. ప్యాటీ బన్ను కంటే కొంచెం వెడల్పుగా ఉండాలి, ఎందుకంటే కాలాక కుదించుకుపోతుంది. మధ్యలో బొటనవేలితో చిన్న గుంట నొక్కితే ఉబ్బదు. అరగంట ఫ్రిజ్‌లో ఉంచండి.

పెనం ఇనపదైతే మంచిది, బాగా కాలాలి, ప్యాటీ వెయ్యగానే చుయ్యిమని గట్టిగా చప్పుడు రావాలి. వేశాక మూడు నాలుగు నిమిషాలు అట్లకాడ తాకించొద్దు. మనం తొందరపడేది ఇక్కడే. అడుగున గోధుమరంగు పొర కట్టేదాకా అది పెనాన్ని పట్టుకునే ఉంటుంది, పొర కట్టాక దానంతటదే వదులుతుంది, ఈ లోపల గీకితే విరక్కుండా ఎలా ఉంటుంది చెప్పండి. తిప్పాక మంట తగ్గించండి. చికెన్ లోపల 74 డిగ్రీల సెల్సియస్ రావాలి, అందుకోసం చిన్న ఫుడ్ థర్మామీటర్ ఒకటి కొనుక్కోమని అందరికీ చెబుతాను. బన్ను లోపలి వైపు వెన్న రాసి అదే పెనం మీద కాల్చండి, సాస్ తడికి నానిపోకుండా ఉంటుంది.

ప్రశ్న: ఆలూ టిక్కీ బర్గర్ చేస్తే లోపల జిగటగా ఉంటోంది. (నిజామాబాద్)

వేడి బంగాళాదుంపని మెదపొద్దు. ముందురోజు రాత్రి తొక్కతో ఉడికించి ఫ్రిజ్‌లో పెట్టి, చల్లగా ఉన్నప్పుడు తురమండి. తడి పీల్చడానికి గుప్పెడు అటుకుల పొడి.

ప్రశ్న: వచ్చే నెల మా అమ్మాయి దగ్గరికి డల్లాస్ వెళ్తున్నాం. అల్లుడు బార్బెక్యూ హోటళ్లకు తీసుకెళ్తానంటున్నాడు. మేం కోడి, చేప తింటాం, పోర్క్ పెద్దగా పట్టింపు లేదు, బీఫ్ మాత్రం తినం. వాళ్లని ఇబ్బంది పెట్టకుండా ఏం తినొచ్చు? (రాజమండ్రి నుంచి ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు)

మాస్టారూ, తప్పకుండా వెళ్లండి, టెక్సస్ వెళ్లి బార్బెక్యూ చూడకుండా రావడం నాకైతే మనసొప్పదు. కాకపోతే అక్కడ ముఖ్యమైన వంటకం బ్రిస్కెట్, అది బీఫ్, రొమ్ము భాగం. దాన్ని ఉప్పు, మిరియాలు పట్టించి ఓక్ కట్టెల పొగలో 110, 120 డిగ్రీల వేడి మీద పన్నెండు గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువసేపు ఉంచుతారు. అంత గట్టి కండ మెత్తబడాలంటే లోపల 95 డిగ్రీల దాకా నెమ్మదిగా చేరాలి మరి. మాంసం కొట్లు నడిపిన జర్మన్, చెక్ వలసదారుల నుంచి మధ్య టెక్సస్‌లో ఈ పద్ధతి స్థిరపడింది. ఆస్టిన్ పక్కనున్న లాక్‌హార్ట్ అనే చిన్న ఊరిని టెక్సస్ శాసనసభే రాష్ట్ర బార్బెక్యూ రాజధానిగా గుర్తించింది. వీలైతే అల్లుడిగారిని అక్కడికి తీసుకెళ్లమనండి, తినకపోయినా ఆ ఇటుక పొయ్యిలూ నల్లగా పొగబారిన గోడలూ చూడాల్సినవే.

మీకు అక్కడ సరిపోయేది టర్కీ కోడి. పొగబెట్టిన టర్కీ రొమ్ము ముక్కలు చాలాచోట్ల దొరుకుతాయి, బాగా చేసే చోట మెత్తగా, మిరియాల ఘాటుతో అద్భుతంగా ఉంటాయి. పోర్క్ రిబ్స్ కూడా ఉంటాయి. ఆర్డర్ ఇచ్చేది కౌంటర్ దగ్గరే, లెక్క పౌండ్లలో ఉంటుంది. ఒక పౌండు అంటే మన 450 గ్రాములు, ఇద్దరికి అరపౌండు టర్కీ, రెండు పక్క వంటకాలు తీసుకుంటే సరిపోతుంది. పేరున్న చోట్ల మధ్యాహ్నానికే అన్నీ అయిపోతాయి, పదకొండింటికల్లా వెళ్లండి.

జాగ్రత్త పడాల్సింది మాంసం దగ్గర కంటే పక్క వంటకాల దగ్గర. బీన్స్‌లో బ్రిస్కెట్ తునకలు వేయడం అక్కడ మామూలు. సాసేజ్‌లో జలపీనో (ఒక రకం మిరపకాయ), చీజ్ అని రాసున్నా లోపల ఉండేది చాలావరకు బీఫే. ఫ్రైస్ కొన్నిచోట్ల బీఫ్ కొవ్వులో వేయిస్తారు. టర్కీ మీద వెన్న రాసేవాళ్లు ఎక్కువే, కొందరు మాత్రం బీఫ్ కొవ్వు రాస్తారు. అన్నిటికంటే ముఖ్యం, కోసే చెక్కా కత్తీ. బ్రిస్కెట్ కోసిన చెక్క మీదే, ఆ కొవ్వు మెరుస్తుండగానే, మీ టర్కీ కోస్తారు. వరసలో నిలబడినప్పుడే "మేం బీఫ్ తినం, చెక్క, కత్తి, గ్లవ్స్ మార్చగలరా" అని అమ్మాయితో అడిగించండి. మొహమాటం అస్సలు వద్దు, అలెర్జీలున్నవాళ్లు అక్కడ రోజూ ఇలాంటివి అడుగుతూనే ఉంటారు. కోల్‌స్లా (క్యాబేజీ సలాడ్), మ్యాక్ అండ్ చీజ్ (చీజ్ కలిపిన పాస్తా), ఊరగాయ దోసకాయ ముక్కలు, తెల్ల బ్రెడ్ మామూలుగా ఇబ్బంది ఉండవు.

దారిలో బర్గర్ కొట్లలో ఆగితే ఇంకో రెండు మాటలు. అమెరికాలో మెక్‌డొనాల్డ్స్ ఫ్రైస్ పదార్థాల జాబితాలో బీఫ్ ఫ్లేవర్ ఉంటుంది, మన దేశంలో ఉండదు. బర్గర్ కింగ్‌లో ఇంపాజిబుల్ వాపర్ మొక్కల నుంచి చేసిందే, కానీ మాంసం ప్యాటీలు కాల్చే మంట మీదే కాలుస్తారు, విడిగా చేయమని అడిగితే చేస్తారు. మీరిద్దరూ అలబామా వైపు వెళ్తే మాత్రం పొగబెట్టిన కోడిని తెల్ల సాస్‌లో ముంచి ఇస్తారు, మయోనీస్, వెనిగర్, మిరియాలతో చేసిన సాస్ అది, వదలొద్దు.

ప్రశ్న: తెలంగాణలో పచ్చి గుడ్డు మయోనీస్ నిషేధించారని విన్నాక భయం వేస్తోంది. పిల్లల బర్గర్‌కి ఇంట్లో ఏం చేసుకోవాలి? (హనుమకొండ)

మీ భయంలో అర్థముంది. కలుషిత ఆహారం కేసులు వచ్చాక 2024 అక్టోబరు చివర్లో ఒక ఏడాదికి ఆ నిషేధం పెట్టారు. పచ్చి గుడ్డులో సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా ఉండొచ్చు, మయోనీస్‌ని వేడి చేయం కాబట్టి అది చావదు, పైగా మన ఎండల్లో బండి మీద గంటలకొద్దీ బయట ఉంటుంది. ఇంట్లో అయితే గుడ్డు అవసరమే లేదు. చల్లటి పాలు ఒక వంతు, వాసన లేని నూనె రెండు వంతులు, ఉప్పు, ఒక వెల్లుల్లి రెబ్బ. పొడవాటి గ్లాసులో పోసి హ్యాండ్ బ్లెండర్ అడుగు దాకా దించి తిప్పండి, చిక్కబడ్డాక నిమ్మరసం వేయండి. ఫ్రిజ్‌లో పెట్టి రెండు మూడు రోజుల్లో వాడేయండి.

ప్రశ్న: డాబా మీద బొగ్గుల మీద లెగ్ పీసులు కాలిస్తే పైన మాడి లోపల పచ్చిగా ఉంటున్నాయి. మసాలా ఎక్కువైందా? (విజయవాడ)

మసాలా తప్పు కాదు, బొగ్గులన్నీ జాలీ కింద సమానంగా పరవడం వల్ల వచ్చిన బాధ. ఇస్త్రీ బండి వాళ్లు వాడే కట్టెబొగ్గు చాలు. కిరోసిన్ చల్లొద్దు, ఆ వాసన ముక్కకి పడుతుంది, కొబ్బరి పీచుతో అంటించండి. బొగ్గుల మీద తెల్ల బూడిద కప్పేదాకా ఓ అరగంట ఆగి, అప్పుడు అన్నీ ఒక పక్కకే లాగండి. ముక్కలు బొగ్గులు లేని వైపు పెట్టి, మీద పాత గిన్నె ఒకటి బోర్లించండి. ముప్పావుగంటలో లోపల ఉడుకుతుంది, ఎముక దగ్గర కోసి చూస్తే రసం ఎర్రగా ఉండకూడదు. చివరి రెండు నిమిషాలు నిప్పుల మీదకి మార్చితే కావలసిన ఎరుపు వచ్చేస్తుంది. తేనె, టమాటా సాస్ లాంటివి అప్పుడే రాయాలి, చక్కెర ఉన్నది ముందే రాస్తే మాడుతుంది. పెరుగు మసాలా కూడా ముక్కకి దట్టంగా అంటుకుని ఉంటే తుడిచెయ్యండి, లోపల గాట్లలో ఉన్నది చాలు.

ఇంకో మాట, వాన వచ్చిందనో చలేస్తోందనో ఆ కుంపటి మాత్రం ఇంట్లోకి తేవద్దు. బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, తలుపులు మూసిన గదిలో ప్రాణం తీస్తుంది.

ప్రశ్న: మారేడుమిల్లిలో తిన్న బొంగులో చికెన్ ఇంట్లో చేసుకోవచ్చా? (హైదరాబాద్)

పచ్చి వెదురు దొరికితే చేసుకోవచ్చు, అలంకరణ సామాన్ల కొట్లో ఎండు బొంగు కొంటే కుదరదు. నూనె వేయకుండానే ముక్క మెత్తగా ఉడికేది పచ్చి బొంగులోని తడి వల్లే, ఎండుదైతే పగిలి అంటుకుంటుంది. ఒక వైపు కణుపు ఉన్న ముక్క తీసుకుని, ముప్పావు వంతు వరకే నింపి, మూతి ఆకులతో బిగించి, నిప్పుల మీద తిప్పుతూ ఉండండి. బొంగు ఆకుపచ్చ పోయి అన్ని వైపులా నల్లబడి, మూతి దగ్గర ఆవిరి గట్టిగా తన్నడం మొదలయ్యాక ఇంకో పది నిమిషాలు ఉంచి దించండి. తెరిచేటప్పుడు ముఖం దూరంగా పెట్టుకోండి, ఆవిరి ఒక్కసారిగా కొడుతుంది.